34 మిల్లీమీటర్ల రంధ్రం.. 300 హార్స్‌పవర్ దగ్గర ఆపేస్తుంది!

జేబులో పది రూపాయల బిళ్ల ఉంటే ఒకసారి తీసి చూడండి. కొత్త సిరీస్ బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. దానికంటే కాస్త పెద్దగా, 34 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి ఊహించుకోండి. 1995 నుంచి 2010 వరకు వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో గెలవడానికి దిగిన టర్బో కార్లన్నీ, అంటే సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్, ఫోర్డ్ ఫోకస్, సిట్రోయెన్ జారా లాంటివన్నీ, తమకు కావాల్సిన గాలి మొత్తాన్ని ఆ ఒక్క రంధ్రం గుండానే పీల్చుకున్నాయి. కంపెనీ ఎంత డబ్బు పోసినా, ఇంజినీర్లు ఎంత బుర్ర చించుకున్నా పవర్ మాత్రం 300 హార్స్‌పవర్‌కు అటూ ఇటూగానే ఆగిపోయేది. ఆ రంధ్రం పేరు టర్బో ఇన్‌లెట్ రెస్ట్రిక్టర్.

ర్యాలీ కార్ల గోల మనకెందుకు, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు దగ్గరపడుతుంటే.. అనుకోకండి. ఫార్ములా భారత్, సుప్రా ఎస్‌ఏఈ ఇండియా లాంటి పోటీల్లో కారు చేశామని రెజ్యూమెలో రాసుకునే మెకానికల్, ఆటోమొబైల్ విద్యార్థులు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామందే ఉన్నారు. ఆ కార్లకూ రెస్ట్రిక్టర్ ఉంటుంది. పెట్రోల్ కారైతే 20 మిల్లీమీటర్లు.. 2019 సిరీస్ రూపాయి బిళ్లంత. జూనియర్లకు మాక్ ఇంటర్వ్యూలు చేసేటప్పుడు నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: 'రెస్ట్రిక్టర్ ఉంటే ఏమైంది, టర్బో పెద్దది పెట్టి బూస్ట్ పెంచేస్తే పోయిన పవర్ తిరిగి రాదా?' పదిమందిలో ఏడెనిమిది మంది 'వస్తుంది సార్' అంటారు. రాదు. ఎందుకు రాదో చెప్పగలిగితే మీకు థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ రెండూ వంటబట్టినట్టే. కోర్ కంపెనీ ఇంటర్వ్యూలో అక్కడే తేడా తెలిసిపోతుంది.

గాలికీ ఒక స్పీడ్ లిమిట్

ఇంజిన్‌లో పవర్ వచ్చేది పెట్రోల్ మండితే. పెట్రోల్ మండాలంటే గాలి కావాలి. టర్బో రేసింగ్ ఇంజిన్‌లో ఒక గ్రాము పెట్రోల్‌కు సుమారు 12 గ్రాముల గాలి పడుతుందనుకోండి. పెట్రోల్ ఎంతైనా పోయొచ్చు, పంపు పెద్దది పెడితే సరి. గాలి అలా కాదు, లోపలికి లాక్కోవాలి. కాబట్టి గాలిని అదుపులో పెడితే పవర్ దానంతటదే అదుపులోకి వస్తుంది.

రెస్ట్రిక్టర్‌ను టర్బోచార్జర్ కంప్రెసర్‌కు ముందు బిగిస్తారు. కంప్రెసర్ తిరిగేకొద్దీ రంధ్రం అవతలి వైపు పీడనం తగ్గుతుంది. ఇవతల బయటి గాలి పీడనం మామూలే. ఈ తేడా వల్ల గాలి లోపలికి దూసుకెళ్తుంది. కంప్రెసర్ ఇంకా వేగంగా తిరిగితే తేడా ఇంకా పెరిగి, గాలి ఇంకా వేగంగా వెళ్తుంది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే.

ఒక దశ తర్వాత మాత్రం కథ మారిపోతుంది. రంధ్రంలో అత్యంత సన్నని చోటు, అంటే థ్రోట్ దగ్గర పీడనం, బయటి పీడనంలో సుమారు 53 శాతానికి పడిపోయేసరికి గాలి వేగం అక్కడి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత అవతల పీడనాన్ని ఎంత తగ్గించినా గాలి పరిమాణం ఒక్క గ్రాము కూడా పెరగదు. కారణం సింపుల్. అవతల పీడనం తగ్గిందన్న 'కబురు' ఇవతలి గాలికి చేరేది ధ్వని వేగంతోనే. ఎదురుగా గాలి అదే వేగంతో వస్తుంటే ఆ కబురు వెనక్కి ఎలా వెళ్తుంది? పూర్తి వేగంతో వస్తున్న ప్రవాహానికి ఎదురీదే చేపలా అది థ్రోట్ దగ్గరే ఉండిపోతుంది. దీన్నే చోక్డ్ ఫ్లో అంటారు. పుస్తకంలో మ్యాక్ నంబర్, ఐసెన్‌ట్రోపిక్ రిలేషన్స్ అని పేజీలకు పేజీలు ఉండేది ఈ ముక్క గురించే.

లెక్క వేసి చూద్దాం

సముద్ర మట్టం దగ్గరుండే పీడనం, 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత తీసుకుని ఐసెన్‌ట్రోపిక్ ఫార్ములాలో వేస్తే గుర్తుపెట్టుకోదగ్గ సంఖ్య ఒకటి వస్తుంది: చదరపు సెంటీమీటరు రంధ్రానికి సెకనుకు సుమారు 24 గ్రాముల గాలి. అంతకుమించి వెళ్లదు.

34 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం 9.08 చదరపు సెంటీమీటర్లు. అంటే సెకనుకు సుమారు 220 గ్రాముల గాలి. దాన్ని 12తో భాగిస్తే సెకనుకు 18 గ్రాముల పెట్రోల్. గ్రాముకు 43 కిలోజౌల్స్ శక్తి ఉంటుంది కాబట్టి మొత్తం సుమారు 785 కిలోవాట్లు. అందులో 30 శాతం క్రాంక్‌షాఫ్ట్‌కు చేరిందనుకుంటే 235 కిలోవాట్లు, అంటే 315 హార్స్‌పవర్. ఆ కాలం నాటి వరల్డ్ ర్యాలీ కార్లకు కంపెనీలు చెప్పుకున్న పవర్ కూడా 300 నుంచి 315 మధ్యే! ఇంజిన్ బొమ్మ కూడా చూడకుండా, రంధ్రం వ్యాసం ఒక్కటి పట్టుకుని పవర్ చెప్పేయగలిగాం. ఈ లెక్క నాలుగు లైన్లే. ఇంటర్వ్యూలో పేపర్ మీద వేసి చూపించండి, ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఇప్పుడు రెస్ట్రిక్టర్ లేకపోతే ఏమయ్యేదో చూద్దాం. 2 లీటర్ల ఇంజిన్, 7,500 ఆర్పీఎం, మ్యానిఫోల్డ్‌లో 2.5 బార్ పీడనం, ఇంటర్‌కూలర్ తర్వాత 40 డిగ్రీల గాలి. సిలిండర్లు పూర్తిగా నిండుతాయనుకుంటే ఆ ఇంజిన్ సెకనుకు దాదాపు 350 గ్రాములు పీల్చగలదు. రెస్ట్రిక్టర్ ఇచ్చేది 220. అంటే ఆ ఇంజిన్ సుమారు 4,700 ఆర్పీఎం దగ్గరే గోడకు గుద్దుకుంటుంది. బూస్ట్‌ను 3.5 బార్‌కు పెంచారనుకోండి, గోడ ఎత్తు మారదు. 3,400 ఆర్పీఎం దగ్గరే ఎదురవుతుంది, అంతే.

పెద్ద టర్బో పెడితే రాదా అన్న ప్రశ్నకు జవాబు ఇదే. చోక్ అయ్యాక టర్బోను ఇంకా గట్టిగా తిప్పితే గాలి పెరగదు. కంప్రెసర్ ముందు పీడనం పడిపోతుంది, చేయాల్సిన పని పెరుగుతుంది, గాలి వేడెక్కుతుంది. కష్టం ఎక్కువ, ఫలితం తక్కువ.

పవర్ దొరకదు.. టార్క్ దొరుకుతుంది

నాకు ఈ సబ్జెక్ట్‌లో బాగా నచ్చే భాగం ఇది. రూల్ వచ్చింది కదా అని ఇంజినీర్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పవర్ అంటే టార్క్, ఆర్పీఎంల లబ్ధం. పవర్‌కు సీలింగ్ పడింది కాబట్టి ఆర్పీఎం తగ్గిస్తే టార్క్ పెరగాలి. 300 హార్స్‌పవర్‌ను 7,000 ఆర్పీఎం దగ్గర తీసుకుంటే టార్క్ సుమారు 305 న్యూటన్ మీటర్లు. అదే పవర్‌ను 3,500 దగ్గర పుట్టించగలిగితే 610!

అందుకే రెస్ట్రిక్టర్ యుగంలో ర్యాలీ ఇంజిన్ల స్వభావమే మారిపోయింది. రేసింగ్ కారంటే పది వేల ఆర్పీఎం మీద అరవాలని మనకో అభిప్రాయం. ఈ కార్లు ఐదున్నర, ఆరు వేల దగ్గరే గరిష్ఠ పవర్ ఇచ్చేసి, కింద మాత్రం డీజిల్ ట్రాక్టర్‌లా లాగేవి. 2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ నుంచి 550 న్యూటన్ మీటర్లకు పైగా టార్క్! మట్టి రోడ్డు మీద హెయిర్‌పిన్ మలుపు తిరిగి బయటపడేటప్పుడు డ్రైవర్‌కు కావాల్సిందీ అదే. కాబట్టి కాగితం మీద పవర్ తగ్గినా, స్టేజ్ టైమ్‌లు అదే స్థాయిలో పడిపోలేదు.

ఇందులో యాంటీ ల్యాగ్ పాత్ర కూడా ఉంది. డ్రైవర్ యాక్సిలరేటర్ వదిలినప్పుడు కొంత గాలి, కొంత ఇంధనం ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లోకి చేరి అక్కడ మండేలా చేస్తారు. ఆ మంటతో టర్బైన్ తిరుగుతూనే ఉంటుంది, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే బూస్ట్ సిద్ధం. ర్యాలీ వీడియోల్లో టపటపమని పేలుళ్లు వినిపించేది దీనివల్లే. మామూలు కారుకు పెడితే టర్బో, మ్యానిఫోల్డ్ తొందరగా పాడవుతాయి. యూట్యూబ్ చూసి అన్నయ్య బండి మీద ప్రయోగాలు చేయకండి.

రెస్ట్రిక్టర్ ఆకారం కూడా ముఖ్యమే. ఒట్టి రేకుకు రంధ్రం పెడితే ప్రవాహం అంచుల దగ్గర చీలిపోయి, లెక్కలో వచ్చినంత గాలి కూడా వెళ్లదు. అందుకే నున్నగా సన్నబడి, థ్రోట్ తర్వాత మెల్లగా వెడల్పయ్యే వెంచురి ఆకారం వాడతారు. వెడల్పయ్యే భాగం వాలు చాలా తక్కువ, ఒక్కో వైపు ఆరేడు డిగ్రీలకు మించకుండా చూస్తారు. దానివల్ల గాలి వేగం మళ్లీ పీడనంగా మారుతుంది, కంప్రెసర్‌కు భారం తగ్గుతుంది. అయితే ర్యాలీ రూల్‌లో థ్రోట్ కంప్రెసర్ బ్లేడ్లకు 50 మిల్లీమీటర్లకు మించి దూరంలో ఉండకూడదు. ఆ కాస్త చోటులోనే మొత్తం ఇమడ్చాలి. ఒక టర్బో బదులు రెండు పెట్టుకుంటామంటే ఒక్కోదానికి 24 మిల్లీమీటర్లే. 34ను రెండు వర్గమూలంతో భాగించి చూడండి, అదెక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఈ రూల్ ఎందుకొచ్చింది?

1986లో గ్రూప్ బి కార్ల పవర్ అదుపు తప్పింది. పోర్చుగల్‌లో ఓ కారు జనంలోకి దూసుకెళ్లి ప్రేక్షకులు చనిపోయారు. కోర్సికాలో హెన్రీ తోయివొనెన్, కో డ్రైవర్ సెర్జియో క్రెస్టో లాన్సియాలో మంటల్లో ప్రాణాలు కోల్పోయారు. గ్రూప్ బి రద్దయి, 1987 నుంచి గ్రూప్ ఎ వచ్చింది. మొదట్లో నెమ్మదిగా ఉన్న ఈ కార్లు కూడా కొన్నేళ్లకే దూకుడు పెంచాయి. దాంతో అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ రెస్ట్రిక్టర్‌ను తెచ్చి, 40 నుంచి 38కి, 1995లో 34 మిల్లీమీటర్లకు తగ్గించింది. 38 నుంచి 34 అంటే నాలుగు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి గాలి 20 శాతం తగ్గింది.

ఆ 20 శాతం కోసమే 1995లో పెద్ద దుమారం రేగింది. స్పెయిన్‌లోని కాటలోనియా ర్యాలీలో టయోటా సెలికా జీటీ-ఫోర్ టర్బోలను విప్పి చూసిన ఎఫ్‌ఐఏ నిపుణులకు ఏదో తేడాగా అనిపించింది. రెస్ట్రిక్టర్ 34 మిల్లీమీటర్లే ఉంది, సీల్ ఉంది, కొలిస్తే సరిపోతోంది. కానీ గొట్టం క్లిప్ బిగించినప్పుడు రెస్ట్రిక్టర్ టర్బో నుంచి కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఆ సందులోంచి అదనపు గాలి లోపలికి పోతుంది. తనిఖీ కోసం విప్పగానే లోపలి స్ప్రింగులు దాన్ని మళ్లీ యథాస్థానానికి నెట్టేస్తాయి. బయటికి చూస్తే అంతా సవ్యమే! అదనంగా వచ్చే పవర్ దాదాపు 50 హార్స్‌పవర్ అని అప్పట్లో అంచనా వేశారు. ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ కూడా దాని వెనకున్న తెలివిని ఒప్పుకోక తప్పలేదు. శిక్ష మాత్రం గట్టిగానే పడింది. టయోటా జట్టుపై ఏడాది నిషేధం విధించారు. యుహా కాంక్యునెన్, దిదియే ఒరియోల్, ఆర్మిన్ ష్వార్జ్‌ల ఆ సీజన్ పాయింట్లు తుడిచేశారు. కాంక్యునెన్ అప్పటిదాకా టైటిల్ రేసులో ఉన్నాడు. చివరికి ఆ ఏడాది ఛాంపియన్ సుబారు డ్రైవర్ కొలిన్ మెక్‌రే.

ఆ స్ప్రింగ్ మెకానిజం డ్రాయింగ్ వేసినవాళ్లూ మనలాంటి ఇంజినీర్లే. ఇంటర్‌కూలర్, కామ్ టైమింగ్, టర్బో మ్యాచింగ్.. రూల్ లోపలే ఉండి టార్క్ పెంచే దారులు ఇన్ని ఉన్నాయి. అదే తెలివి అటు పెట్టి ఉంటే ఆ ముగ్గురు డ్రైవర్ల ఏడాది కష్టం మిగిలేది.

ఆ తర్వాత సంఖ్యలు ఇలా మారుతూ వచ్చాయి. 2011లో ఇంజిన్ 1.6 లీటర్లకు, రెస్ట్రిక్టర్ 33 మిల్లీమీటర్లకు తగ్గాయి. 2017లో షో కావాలని 36కు పెంచితే పవర్ ఒక్కసారిగా 380కి ఎగిసింది. లెక్క ప్రకారం 36, 33ల వర్గాల నిష్పత్తి 1.19. పవర్ పెరిగిందీ కాస్త అటూ ఇటూగా అంతే. 2022లో హైబ్రిడ్ తోడైంది. 2025లో హైబ్రిడ్ తీసేసి, రెస్ట్రిక్టర్‌ను 35కు తగ్గించారు. ఆ కింది తరగతి ర్యాలీ2 కార్లకు 32. మన గౌరవ్ గిల్ 2016, 2017లో ఆసియా పసిఫిక్ ఛాంపియన్‌షిప్ గెలిచిన స్కోడా ఫాబియా ఆర్5 కూడా ఆ కోవలోదే.

ఫార్ములా వన్ మాత్రం మరో దారి పట్టింది. 2014లో గాలిని వదిలేసి ఇంధనాన్నే పట్టుకుంది, అప్పట్లో గంటకు 100 కిలోలకు మించకూడదని. ఇంధనం కొలవాలంటే ఖరీదైన సెన్సర్లు కావాలి. రెస్ట్రిక్టర్‌కు ఒక గేజ్, ఒక సీల్ చాలు. అడవుల్లో, కొండల్లో జరిగే ఆటకు ఇదే నయమని నా అభిప్రాయం.

మెక్సికోలో ఏమవుతుంది?

ఇది కూడా ఇంటర్వ్యూకు పనికొచ్చే ప్రశ్నే. ర్యాలీ మెక్సికోలో స్టేజ్‌లు సముద్ర మట్టానికి 2,700 మీటర్ల ఎత్తు దాకా వెళ్లేవి. మామూలు టర్బో కారు ఎత్తుకు వెళ్తే టర్బో కాస్త ఎక్కువ తిరిగి లోటు భర్తీ చేసుకుంటుంది. రెస్ట్రిక్టర్ ఉన్న కారుకు ఆ వెసులుబాటు లేదు. చోక్డ్ ఫ్లో బయటి పీడనాన్ని బట్టి ఉంటుంది. ఆ ఎత్తులో పీడనం సుమారు 28 శాతం తక్కువ, కాబట్టి గాలీ దాదాపు అంతే తక్కువ, పవరూ అంతే. చల్లదనం వల్ల కొద్దిగా కలిసొస్తుంది కానీ అది చాలదు. 'టర్బో ఉంది కదా, ఎత్తుతో పనేంటి?' అని ఎవరైనా అడిగితే, రెస్ట్రిక్టర్ టర్బోకు ముందుందని గుర్తుచేయండి.

మీ కాలేజీ కారు సంగతి

20 మిల్లీమీటర్ల రంధ్రం అంటే 3.14 చదరపు సెంటీమీటర్లు, సెకనుకు సుమారు 76 గ్రాములు. మన దగ్గర చాలా జట్లు కేటీఎం 390 ఇంజిన్ వాడతాయి. 373 సీసీ సింగిల్ సిలిండర్. 9,000 ఆర్పీఎం దగ్గర అది పీల్చేది సగటున సెకనుకు 34 గ్రాములే. 76లో సగం కూడా లేదు కదా, మరి రెస్ట్రిక్టర్ పెట్టగానే పవర్ ఎందుకు పడిపోతోంది?

సగటులోనే మోసం ఉంది. ఒకే సిలిండర్ కాబట్టి నాలుగు స్ట్రోకుల్లో ఒక్క స్ట్రోకులోనే గాలి లాగుతుంది. ఆ కాస్త సమయంలో దానికి కావాల్సింది 34కు నాలుగు రెట్లు, దాదాపు 135 గ్రాముల వేగం. 76 దాటేసింది, చోక్! మిగతా మూడు స్ట్రోకులూ రెస్ట్రిక్టర్ ఖాళీగా ఉంటుంది. ఊరి కుళాయికి గంటసేపే నీళ్లొస్తే ఇంట్లో సంపు కట్టుకుంటాం కదా. ఇక్కడ సంపు పేరు ప్లీనం. రెస్ట్రిక్టర్‌కూ సిలిండర్‌కూ మధ్య పెట్టే గాలి గది. ఖాళీగా ఉన్న మూడు స్ట్రోకుల్లో అది నిండుతుంది, నాలుగోసారి ఇంజిన్‌కు అందిస్తుంది. అది చిన్నదైతే చోకింగ్ పోదు. మరీ పెద్దదైతే యాక్సిలరేటర్ తొక్కాక ఇంజిన్ స్పందించడం ఆలస్యమవుతుంది. మీ ప్లీనం ఎన్ని లీటర్లు, ఎందుకు అన్నే లీటర్లు అని జడ్జిలు అడిగేది ఇందుకే. 'సీనియర్లు అంతే పెట్టారు' అంటే డిజైన్ ఈవెంట్‌లో మార్కులు పోయినట్టే.

ఈ పని నేర్చుకోవాలంటే రెండు రకాల సాఫ్ట్‌వేర్ చూడండి. ఇంజిన్ మొత్తాన్ని గొట్టాల వరుసలా లెక్కగట్టే జీటీ-పవర్, వేవ్ లాంటి 1డీ టూల్స్ ఒకటి. రెస్ట్రిక్టర్ లోపలి ప్రవాహాన్ని చూపించే ఆన్సిస్ ఫ్లూయెంట్ లాంటి సీఎఫ్‌డీ రెండోది. చాలామంది రంగురంగుల సీఎఫ్‌డీ బొమ్మలతో ఆగిపోతారు. ముందు చేత్తో లెక్క వేసి, సిమ్యులేషన్ జవాబు 76 గ్రాములకు దగ్గరగా ఉందో లేదో చూసుకోండి. 90 అని వస్తే సాఫ్ట్‌వేర్‌లో మీరు ఎక్కడో పప్పులో కాలేసినట్టు.

ఈవీలు వచ్చేస్తుంటే ఇంకా ఇంజిన్ చదువులేంటి అని ఒకరిద్దరు మెయిల్ చేశారు. చోక్డ్ ఫ్లో ఇంజిన్ల సొత్తు కాదు. రాకెట్ నాజిల్ థ్రోట్‌లో జరిగేది అదే. హైదరాబాద్‌లోని స్కైరూట్ లాంటి సంస్థలో ప్రొపల్షన్ వైపు వెళ్లాలంటే మొదటి మెట్టు ఇది. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో తయారయ్యే గ్యాస్ టర్బైన్లలోనూ, విశాఖ రిఫైనరీలో గ్యాస్ పీడనం పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ సైజు నిర్ణయించడంలోనూ ఇదే సూత్రం. గేట్ ఏరోస్పేస్ పేపర్‌లో కన్వర్జెంట్ డైవర్జెంట్ నాజిల్ మీద ప్రశ్న కనిపిస్తే 34 మిల్లీమీటర్ల రంధ్రం గుర్తుచేసుకోండి.

ఒక చిన్న హోంవర్క్. మీ కారును విశాఖలో ట్యూన్ చేసి, సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో నడిపారనుకోండి. ఉష్ణోగ్రత 15 బదులు 35 డిగ్రీలు. రెస్ట్రిక్టర్ గుండా వెళ్లే గాలి ఎంత శాతం తగ్గుతుంది? పీడనంతో నేరుగా మారుతుంది, ఉష్ణోగ్రత వర్గమూలంతో విలోమంగా మారుతుంది. ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకోవడం మర్చిపోవద్దు. జవాబు 9 శాతం దరిదాపుల్లో రావాలి.